ఉంగరపు వేలి మూడో కణుపు

ఆ రోజు నేను చేసిన తప్పు చిన్నదే. పన్నెండు పాటలు ఉండవలసిన సీడీలో పదకొండు రాసి, పన్నెండూ ఉన్నాయని చెప్పి, ఒక పెద్దాయన చేతిలో పెట్టి పంపించాను. పెద్దది నాలుగు రోజుల తర్వాత చేశాను. దాన్ని తప్పు అనడం కూడా సరికాదు. అది తెలిసి చేసిన పని.

పోయిన నెల తనకల్లు బస్సు కండక్టరు నా అంగడి ముందు టీ తాగుతూ, "మీ మైకుసెట్టు తాత పోయినాడన్నా" అన్నాడు. నేను అడిగింది ఒకటే. "మైకు పెట్టినారా?"

"ఇప్పుడు మైకు యాడుందన్నా. ఎవురో సెల్లులో పాటలు పెట్టినారంట. నడుమ ఫోనొస్తే పాట ఆగిపాయనంట."

ఆయన పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియవు. ఎప్పుడూ అడగలేదు. నాకు తెలిసిందల్లా నా అంగడిలో స్టూలు మీద కూర్చున్న మనిషి. ఆ మనిషి గురించే ఇది.

ఆ రోజుల్లో కదిరి బస్టాండు వెనక సందులో నాది క్యాసెట్ల అంగడి. అవి వరసగా కరువేండ్లు. చెనిక్కాయ, అదే వేరుశనగ, వేసినవాళ్ళు చల్లిన విత్తనమంత పంట కూడా పెరుక్కోలేకపోతున్నారు. మాకు పొలాలున్నాయి, ఊళ్ళో పేరుంది, వాన మాత్రం లేదు. పొలాన్ని నమ్ముకుని కూర్చోవద్దని మా నాయన నాకు ఒక కంప్యూటర్, సీడీలు రాసే రైటర్ కొనిచ్చాడు. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడి మాటకు ఎదురుండదని కొద్ది నెలల్లోనే నాకు తెలిసిపోయింది.

ఆయన మొదటిసారి వచ్చినప్పుడు చంకలో ఒక కంబళి మూట ఉంది. పసిబిడ్డను దించినట్టు కౌంటర్ మీద దించి విప్పాడు. లోపల ఒక పాత సీడీ ప్లేయర్. మూత స్ప్రింగు పోయింది, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి ఉంది. అంకెలు కనిపించవలసిన చోట నల్లటి మరక. కువైట్ నుంచి వచ్చిన ఎవరో తిరిగి పోతూ ఆయనకు అమ్మేశారట. ఒకసారి బస్సు టాపు మీది నుంచి కింద పడిందట. అప్పటి నుంచి అంకెలు పోయాయి, గొంతు మాత్రం మిగిలింది.

"అప్పా, ఈయప్పకు వినపడేటట్టు ఒగ సీడీ రాసిస్తావా?" అన్నాడు.

ఈయప్ప అంటే ప్లేయర్ అని నాకు ఒక నిమిషం తర్వాత అర్థమైంది.

"బెంగుళూరు నుంచి ఒగాయప్ప నూటాయాభై పాటల సీడీ తెచ్చిచ్చినాడు. దీంట్లో పెడితే గిర్రున తిరుగుతాది, నోరు మాత్రం తెరవదు."

"అది ఎంపీత్రీ సీడీ తాతా. పాతవాటికి అది తెలీదు. వీటికి మామూలు ఆడియో సీడీనే రాయల్ల. నూటాయాభై పట్టవు. పన్నెండు, మహా అయితే పదైదు."

"పన్నెండు చాలు" అన్నాడు వెంటనే. "చెయ్యి కూడా పన్నెండే కదా."

ఎడమ చెయ్యి చాపి చూపించాడు. నాలుగు వేళ్ళు, వేలికి మూడు కణుపులు. బొటనవేలు కింది నుంచి పైకి ఒక్కో కణుపు మీద ఆగుతూ పోయింది. చూపుడు వేలు దేవుని పాటలకు. నడిమి వేలు సీమంతాలకూ పేర్లు పెట్టేదానికీ. ఉంగరపు వేలు పెండ్లికి. చిటికెన వేలు చావుకు. ఆయనకు చదువు రాదు, ప్లేయర్‌కు అంకెలు కనిపించవు. కుడిచేత్తో బొత్తాం నొక్కుతూ, ఎడమచేత్తో లెక్కపెట్టుకుంటూ ఏ పాట కావాలంటే ఆ పాట దగ్గర ఆగేవాడు. కళ్ళు మూసుకుని నొక్కేవాడు. ఎందుకని అడిగితే, "కండ్లు తెరిస్తే పెండ్లికొచ్చినోళ్ళ మీదికి పోతాది గ్యానం" అన్నాడు.

ఆ పాటలు అంగట్లో దొరికేవి కావు. కలుపులకు పోయే ఆడవాళ్ళూ, భజన గుంపు వాళ్ళూ పాడుతుంటే ఆయనే పాత టేప్‌రికార్డర్‌తో పట్టుకున్నవి. ఆ క్యాసెట్లను నేను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఎక్కించేటప్పుడు ఒక పాటలో కుక్క అరిచింది, తీసేయమంటావా అని అడిగాను. "వద్దు. అది మా ఈరమ్మ కుక్క" అన్నాడు.

ఆ పాత ప్లేయర్ పలికేట్టు సీడీ రాయడం మేమిద్దరం కలిసి నేర్చుకున్నాం. మళ్ళీ మళ్ళీ రాసుకునే రకం మెరుపు సీడీలను అది కన్నెత్తి చూడదు. వేగంగా రాస్తే పాట నడుమ తడబడుతుంది. రైటర్‌కు ఉన్నవాటిలో అన్నింటికంటే తక్కువ వేగం పెట్టి రాయాలి. అంతా అయ్యాక, గిన్నెకు మూత పెట్టినట్టు, సీడీని క్లోజ్ చేయాలి, లేకపోతే లోపల పాటలున్నా దానికి ఖాళీగానే కనిపిస్తుంది. ఇవన్నీ చెప్పాను. ఆయన వాటిని రెండు ప్రశ్నలు చేసుకున్నాడు. వచ్చిన ప్రతిసారీ అవే.

"నిదానంగా రాసినావా?"

"రాసినా."

"మూత పెట్టినావా?"

"పెట్టినా తాతా."

సీడీ రాస్తున్నంతసేపూ మాట్లాడడు. తువ్వాలు మోకాలి మీద వేసుకుని, పొయ్యి మీద పాలు చూసినట్టు రైటర్ మీది చిన్న దీపాన్ని చూస్తుండేవాడు. ఒకసారి నడుమలో ఎవరికో ఏదో చూపించబోయి నేను మౌసు కదిపాను. సీడీ చెడిపోయింది. ఆ తర్వాత ఆయన సీడీ రాస్తున్నప్పుడు ఎవరొచ్చినా తనే చెప్పేవాడు. "రొంతసేపు ఆగప్పా, ఆ మిషను నీళ్ళు పట్టుకుంటాండాది. కదిలిస్తే ఒలికిపోతాది."

రాయడం అయ్యాక అసలు పని మొదలయ్యేది. ప్లేయర్‌ను మా ప్లగ్గుకు పెట్టి, స్టూలు మీద కూర్చుని పన్నెండు పాటలూ మొదటి నుంచి చివరి దాకా వినేవాడు. గంటకు పైన. బొటనవేలు ఒక్కో కణుపు ఎక్కేది. చిటికెన వేలి కొసకు చేరాక లేచి, కంబళి చుట్టుకుని, "వస్తానప్పా" అని పోయేవాడు.

పాటకూ పాటకూ నడుమ రైటర్ రెండు సెకన్ల ఖాళీ వదులుతుంది. ఒకసారి నా తెలివి చూపించుకోవాలని ఆ ఖాళీ తీసేసి రాశాను. విని, ఒప్పుకోలేదు.

"ఆ సందులోనే కదప్పా నేను ఆపేది. సందు లేకుంటే తలుపెట్ల మూస్తారు?"

స్టాపు నొక్కితే లెక్క మళ్ళీ ఒకటికి వస్తుందని ఆయన పాజ్ బొత్తామే నొక్కేవాడు. పాట ముగిసిన ఆ రెండు సెకన్లలో, ముందూ కాకుండా వెనకా కాకుండా నొక్కాలి. ముందు నొక్కితే పాట గొంతు కోసినట్టు. ఆలస్యమైతే తర్వాతి పాట తొంగిచూస్తుంది. ఆయన చెయ్యి ఎప్పుడూ ఆ సందులోనే పడేది.

"పెండ్లి పాటలూ చావు పాటలూ ఒకే దాంట్లో ఏంది తాతా, రెండు రాసిస్తా" అన్నాను ఒకసారి.

"రెండుంటే ఏది ఏదో నాకు యాడ తెలుస్తాది. అయినా రెండిటికీ అదే షామియానా కడతారు, అదే గుండిగలో వండుతారు. వాటికి లేని పట్టింపు పాటకేంది?"

ఏ ఊళ్ళో అయినా ఆయన చోటు షామియానాకు బయటే. అందరి పంక్తులూ లేచాక అన్నం. మా ఇంటి పెళ్ళిళ్ళలో కూడా అంతే. అప్పుడు అది నాకు కనిపించలేదు.

ఆ వేసవిలో ఒకరోజు పొద్దున ఏడున్నరకే వచ్చాడు. మరునాడు తనకల్లు పక్క పల్లెలో పెళ్ళి. సీడీ మీద గీతలు పడ్డాయి, కొత్తది కావాలి. తొమ్మిదిన్నరకు కరెంటు పోతుంది. "నేను పోయి రొంత తీగె, ఫ్యూజు కొనుక్కోనొస్తా. నువ్వు నిదానంగా రాయి" అని వెళ్ళాడు. రాస్తుండగా వదిలి వెళ్ళడం అదే మొదటిసారి. నన్ను నమ్మాడు.

తొమ్మిదో పాట దగ్గర రాయడం ఆగిపోయింది. ఆ ఒక్క పాట ఫైలు చెడిపోయింది. క్యాసెట్ నా దగ్గరే ఉంది, అటక మీది డబ్బాలో. నిచ్చెన వేసి, వెతికి, మళ్ళీ ఎక్కించాలంటే పాట మొత్తం వినాలి. అప్పటికే ఇద్దరు కాలేజీ పిల్లలు వచ్చి కూర్చున్నారు. నేను తొమ్మిదో పాటను తీసేసి మిగతా పదకొండు రాశాను. నిదానంగానే రాశాను. మూత కూడా పెట్టాను. తర్వాత వచ్చినప్పుడు సరిచేసి ఇద్దామనుకున్నాను. కణుపుల మీద లెక్కపెట్టుకునే మనిషికి ఒక పాట తీసేస్తే దాని చోటులోకి తర్వాతిది వచ్చి కూర్చుంటుందని నాకు తట్టలేదు.

ఆయన వచ్చి అడిగాడు. "పన్నెండూ ఉండాయా?"

"ఉండాయి."

స్టూలు లాక్కున్నాడు వినడానికి.

"తాతా, కరెంటు పోయే టైమయింది. నేనంతా విన్నాలే. బిన్నా పో, బస్సుంది."

ఆయన చెయ్యి కంబళి మీదే ఆగింది. "నువ్వు విన్నావు కదా?"

విన్నానని తలూపాను.

నాలుగు రోజులకు మళ్ళీ వచ్చాడు. ప్లేయర్ ఉంది, సీడీ లేదు. నిలబడే చెప్పాడు.

"ఎనిమిదో పాట అయినాక నిలిపిపెట్టుకోనుండా. తాళి కట్టినాక తలంబ్రాలకని అయ్యవారు చెయ్యెత్తినాడు. నొక్కినా." కుడివేలితో గాల్లో నొక్కి చూపించాడు. "పాడె ఎత్తే పాట వచ్చినాదప్పా. రెండు హార్నులూ నిండుగా పలికినాయి. ఊరంతా వినింది."

పెండ్లికొడుకు మేనమామ వచ్చి తీగె పెరికేశాడట. సీడీ తీసి రెండు ముక్కలు చేసి వంటపొయ్యిలో వేశాడట.

"నన్నెవురూ ఒగ మాట అనలేదు. అనింటే బాగుండు. అన్నం కూడా పెట్టినారు." తర్వాత అడగడానికి వచ్చింది అడిగాడు. "అప్పా, నువ్వు రాసినప్పుడు తొమ్మిదోది తలంబ్రాల పాటేనా?"

అంగట్లో అప్పుడు ముగ్గురు ఉన్నారు. ఒకరు మా ఊరివాళ్ళే. సీడీ బూడిదైంది. నేను ఏం చెబితే అదే నిజం.

"తలంబ్రాల పాటే తాతా" అన్నాను. అంతటితో ఆగి ఉండవచ్చు. ఆగలేదు. "నువ్వు రెండుసార్లు నొక్కింటావు. వయసయిపాయ కదా, చెయ్యి వణుకుతాది."

ఆయన చేతులు చూసుకున్నాడు. ముందు కుడిది, తర్వాత ఎడమది. అవి వణకడం లేదు.

"అంతే అయింటాది" అన్నాడు.

కంబళి చుట్టుకుని వెళ్ళిపోయాడు. కొత్త సీడీ అడగలేదు.

ఆ తర్వాత ఏడాది ఆయన అంగడికి రాలేదు. ఒకసారి బస్సులో పోతూ కిటికీలోంచి చూశాను. రోడ్డు పక్క కరువు పనిలో మట్టి తట్టలు మోస్తున్నాడు. తట్టకు ఒక రాయి చొప్పున పక్కన వేసుకుంటున్నాడు. రాళ్ళు వేసుకునే అవసరం ఆయనకు ఎప్పుడూ ఉండేది కాదు. నేను తల దించుకున్నాను. బస్సు ముందుకు పోయాక కూడా చాలాసేపు ఎత్తలేదు.

మళ్ళీ వేసవిలో వచ్చాడు. అదే కంబళి.

"ఒగ పాట రాయప్పా."

"ఏ పాటలు తాతా?"

"పాటలు కాదు. ఒగటే. దేవునిది, మొదటిది. భజన గుడి కాడ పొద్దన పెట్టమన్నారు."

"మిగతావి కూడా రాస్తా. పన్నెండూ..."

"వద్దప్పా. ఒగటే ఉంటే తప్పేదానికి లేదు కదా."

రాశాను. ఒక పాటకు ఎంతసేపని. ఆయన దీపం వైపు చూడలేదు. గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను సీడీ తీసి, ఆయన అడుగుతాడని ఎదురుచూశాను. అడగలేదు. నిదానంగా రాశానా అనీ అడగలేదు, మూత పెట్టానా అనీ అడగలేదు. సీడీని జేబురుమాలులో చుట్టుకుని, వినకుండానే లేచి వెళ్ళిపోయాడు.

స్టూలు ఖాళీగా ఉంది. షట్టరు సగం దించి బస్టాండుకు పరుగెత్తాను.

బల్ల మీద కూర్చుని ఉన్నాడు, ఒడిలో మూట. పక్కన కూర్చుని చెప్పాను. "తాతా, ఆ పొద్దు నేనిచ్చిన సీడీలో పదకొండే ఉండె." సరిగ్గా అప్పుడే ఎదురుగా ఉన్న బస్సు హారన్ కొట్టింది. "ఏందప్పా?" అన్నాడు చెవి దగ్గరికి తెచ్చి. మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది. తలంబ్రాల పాట నేనే తీసేశానని, అది తెలిసే ఆయన మీదికి తోశానని, మొత్తం చెప్పాను.

ఆయన ముఖం చూసే ధైర్యం లేక చేతుల వైపు చూశాను. ఎడమచేతి బొటనవేలు కదిలింది. ఉంగరపు వేలి రెండో కణుపు మీదికి వెళ్ళి ఆగింది. అక్కడి నుంచి మూడో దాని మీదికి.

"అంటే నేను ఒగసారే నొక్కినా."

"ఒకసారే నొక్కినావు తాతా."

"రెండుసార్లు నొక్కలే."

"లేదు."

ఆయన నవ్వాడు. తిడితే పడడానికి సిద్ధపడి వచ్చాను, నవ్వుకు సిద్ధపడలేదు. ఆ నవ్వు నాకోసం కాదు. చాలా రోజులకు ఇంటికి తిరిగొచ్చినవాణ్ణి చూసినట్టు తన చేతులకేసి చూసి నవ్వాడు. ఎక్కవలసిన బస్సు కదిలి వెళ్ళిపోయింది. ఎక్కలేదు.

"ఏడాదప్పా" అన్నాడు తర్వాత. నవ్వు పోయింది. "నొక్కిన చెయ్యి తప్పిందా, లెక్కబెట్టిన చెయ్యి తప్పిందా అని ఏడాది. సంగటి రెండు ముద్దలు తిన్న్యానా మూడు తిన్న్యానా అని మా ఆడామెను అడిగేవాణ్ణి. ఆమె నవ్వేది. నాకు బయమయ్యేది."

నేను తల వంచుకునే ఉన్నాను.

"ఆ పొద్దు నువ్వు నా మొగం చూడలే. ఎండకనుకున్న్యా."

ఒడిలో మూట సర్దుకుని మళ్ళీ అన్నాడు. "నాకు చెప్పినావు, సరే. ఆ పాపకు ఎవురు చెప్తారు?"

ఆ పెండ్లికూతురు సంగతి నాకు అప్పుడు తెలిసింది. అత్తగారింట్లో బోరు ఎండిపోయింది. పాలిచ్చే ఎనుము చచ్చింది. తలంబ్రాల వేళకు పాడె పాట పడిన పెండ్లి అన్నారు. విత్తనాలప్పుడు ఆ పిల్లను విత్తనం సంచి ముట్టనివ్వలేదు. విత్తే రోజు ఇంటి ఆడవాళ్ళు విత్తనం చేత్తో తీసివ్వడం మా వైపు అలవాటు. ఆమెను లోపల కూర్చోబెట్టారు.

"నేను చెప్తే సాకు అంటారు" అన్నాడు. "నువ్వు చెప్తే వింటారప్పా."

అది నిజమని ఇద్దరికీ తెలుసు. ఎందుకో కూడా తెలుసు.

ఆయన్ని అంగడికి వెనక్కి తీసుకొచ్చాను. నిచ్చెన వేసి అటక మీది డబ్బా దించాను. క్యాసెట్లో నుంచి తలంబ్రాల పాట మళ్ళీ ఎక్కించాను. ఆరు నిమిషాలు. ఏడాది కిందట నాకు లేకుండా పోయింది ఆ ఆరు నిమిషాలే. పన్నెండు పాటలూ వరసలో పెట్టి రాయడం మొదలుపెట్టాను. ఆయన తువ్వాలు మోకాలి మీద వేసుకుని దీపం వైపు తిరిగాడు.

"మూత పెట్టినావా?"

"పెట్టినా తాతా."

పన్నెండూ ఇద్దరం కూర్చుని విన్నాం. నేను కూడా వేళ్ళ మీద లెక్కపెట్టాను.

మరునాడు తనకల్లు బస్సు దిగి ఆ పల్లెకు నడిచాం. ప్లేయర్ ఆయన చంకలో, బ్యాటరీ, చిన్న స్పీకరు నా చేతిలో. దారి పొడుగునా దున్ని పెట్టిన చేలు వానకోసం నోరు తెరుచుకుని ఉన్నాయి. ఆ ఇంటి ముందు పందిరి కింద అత్తగారు విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తోంది. చేటలో ఎర్రటి గింజలు. ఆ పిల్ల దూరంగా నీళ్ళ గాబు దగ్గర గిన్నెలు తోముతోంది.

అత్తగారు పెద్దాయన్ని చూసి చెయ్యి ఆపింది. "నువ్వా. మళ్ళా ఏం పాట తెచ్చినావు?"

తర్వాత నన్ను చూసింది. మా ఊరి పేరు, మా నాయన పేరు చెప్పాను. "అట్నా. రా, మంచం మీద కూర్చో" అంది. పెద్దాయన ఎండలో నిలబడి ఉన్నాడు. నేను మంచం మీద కూర్చోలేదు. ఆయన పక్కనే నిలబడి చెప్పాను. కరెంటు పోతుందన్న తొందర, తీసేసిన పాట, ఆడిన అబద్ధం. చెబుతుంటే పక్కింటి గోడ మీద రెండు తలలు లేచాయి. గొంతు తగ్గించాలనిపించింది. తగ్గించలేదు.

ఆమె అంతా విని అడిగింది. "తొమ్మిదోది తీసేస్తే పదోది ముందరికొచ్చిందంటావు."

"అవును పెద్దమ్మా."

"ఈ ముసలాయన నొక్కింది సరిగ్గానే నొక్కినాడా?"

"సరిగ్గానే."

"మా బోరు ఎండింది, ఎనుము సచ్చింది. అదీ నీ కంప్యూటరేనా?"

"మా పొలంలో మూడు బోర్లు ఎండినాయి పెద్దమ్మా. మా ఇంట్లో పెండ్లికి పాటలన్నీ సరిగ్గానే పడినాయి."

పక్కింటి గోడ మీద ఎవరో కిసుక్కుమన్నారు. అత్తగారు నవ్వలేదు. నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"నోరు బాగానే ఉండాది నీకు. ఏడాది నుంచి యాడ పెట్టినావప్పా దాన్ని?"

చేతిలోని బ్యాటరీ, స్పీకరు అరుగు మీద దించాను.

గాబు దగ్గర గిన్నెల చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. ఆ పిల్ల లేచి నిలబడి ఉంది, మోచేతుల దాకా బూడిద. "తాతా" అంది నెమ్మదిగా, "ఆ పాట ఉండాదా?"

పెద్దాయన అత్తగారి వైపు చూశాడు. ఆమె అవునని అనలేదు, కాదని అనలేదు. ఒక కాయ ఒలిచి గింజలు చేటలో వేసింది. ఆయన అరుగు అంచు మీద కంబళి పరిచి ప్లేయర్ పెట్టాడు. ట్యూబు ముక్క బిగించాడు. కళ్ళు మూసుకున్నాడు. కుడిచెయ్యి నొక్కుతుంటే ఎడమచేతి బొటనవేలు ఎక్కుతూ పోయింది. చూపుడు వేలు. నడిమి వేలు. ఉంగరపు వేలు, మొదటి కణుపు, రెండు, మూడు. ఆగింది.

తలంబ్రాల పాట వచ్చింది.

కలుపులకు పోయే ఆడవాళ్ళ గొంతులు, ఎండకు రాటుదేలినవి. నడుమలో ఈరమ్మ కుక్క అరిచింది. ఆ పిల్ల చేతులు తుడుచుకోవడం మరచిపోయి వింటోంది. ఆరు నిమిషాలు ఎవరూ కదలలేదు. నేను మాత్రం పాట చివరికి వస్తున్నకొద్దీ బొత్తాం వైపే చూస్తున్నాను. తర్వాతిది పదోది. అదే పాట. రెండు సెకన్లు తప్పితే ఈ గడప ముందు మళ్ళీ అదే వినిపిస్తుంది. ఆఖరి చరణం కాగానే తెలియకుండానే నా చెయ్యి బొత్తాం మీదికి పోయింది.

ఆయన కళ్ళు తెరవకుండానే నా మణికట్టు పట్టుకుని పక్కకు పెట్టాడు.

"చెయ్యి తియ్యప్పా. నా లెక్క నాకుండాది."

పాట ముగిసింది. నిశ్శబ్దం. ఆయన తొందరపడలేదు. ఆ సందులో వేలు దించాడు. ఇంకేమీ వినిపించలేదు.

ఒక్క క్షణం తర్వాత అత్తగారు చేటను కాలితో కొంచెం ముందుకు జరిపింది. ఆ పిల్ల వైపు చూడకుండానే అంది.

"ఊరికే నిలబడితే పని అయితాదా? చేతులు కడుక్కోని రా. ఈ కాయలు ఒలుచు."

ఆ పిల్ల చేతులు కడుక్కుంది. రెండుసార్లు కడుక్కుంది. వచ్చి చేట పక్కన కూర్చుని మొదటి కాయ తీసుకుంది.

బస్సుకు ఇంకా టైముంది. నేనూ పందిరి కింద నేల మీద కూర్చుని, ఒక దోసెడు కాయలు ముందుకు లాక్కుని ఒలవడం మొదలుపెట్టాను. అలవాటు లేని వేళ్ళు, పది కాయలకే గోళ్ళు మండాయి. నన్ను ఎవరూ వద్దనలేదు. పెద్దాయన్ని కూడా ఈసారి ఎవరో నీడలోకి రమ్మన్నారు. వచ్చాడు. ప్లేయర్‌ను ఒడిలో పెట్టుకున్నాడు. ఎవరూ అడక్కుండానే తలంబ్రాల పాటకు మళ్ళీ నొక్కాడు. వెనక్కి, ఒకే ఒక్కసారి.